వెండి కళ్ళు

మా అత్తగారు మంగతాయారు సింగపూరు వచ్చాక నోరు తెరిచి అడిగింది ఒక్కటే. జపాన్లో పెద్ద బుద్ధుణ్ణి చూపించమన్నారు.

జురాంగ్‌లో పక్షుల పార్కుంది, రండత్తయ్యా అంటే "పిట్టల్ని చూడ్డానికి టిక్కెట్టేంటే" అన్నారు. సెంతోసా బీచికి వెళ్దామంటే "ఇసకేగా, కాకినాడలో బోల్డంత" అన్నారు. టాంపినీస్‌లో మా బ్లాకు కింద కొట్లో కొబ్బరికాయలు వాయించి చూడ్డం తప్ప ఆవిడకి ఈ దేశంలో దేని మీదా ఆసక్తి లేదు. అలాంటి మనిషి నారా అనే ఊరి పేరు తడబడకుండా పలికి, అక్కడికి తీసుకెళ్ళమని కొడుకుని పట్టుకు కూర్చున్నారు.

ఆ పేరు ఆవిడకి చెప్పింది మా ఆయన అభిజిత్. అది రెండువేల సంవత్సరం. జనవరి ఒకటో తారీకు రాగానే కంప్యూటర్లన్నీ ఆగిపోతాయని భయపడి పిలిపించుకున్న మనవాళ్ళని, గండం గడిచాక కూడా ఎవరూ వెనక్కి పంపలేదు. బ్లాకుకో తెలుగు కుటుంబం. ఇద్దరు కలిస్తే జీతం మాట, ముగ్గురు కలిస్తే ఉద్యోగం మారే మాట. అభిజిత్ కంపెనీ అతన్ని ఒసాకాలో ఒక బ్యాంకు పనికి తిప్పుతుండేది. ఓసారి ఆదివారం పూట పక్కనే ఉన్న నారా చూసొచ్చి వాళ్ళమ్మకి ఫోన్ చేశాడు. పన్నెండు వందల ఏళ్ళ కిందటి కంచు బుద్ధుడట, కూర్చుంటేనే అయిదంతస్తుల ఎత్తట, ఆ విగ్రహానికి మొట్టమొదట కళ్ళు దిద్దింది మన దేశం నుంచి వెళ్ళిన బోధిసేనుడనే సన్యాసట. అదంతా నేను వంటింట్లోంచి విన్నాను. భార్యతో చెప్పడానికి ఓపికుండదు గాని అమ్మతో గంటలు గంటలు చెబుతాడని విసుక్కున్నాను కూడా. కళ్ళు దిద్దిన మాట దగ్గర అవతల ఆవిడ చెవులు నిక్కించుకున్న సంగతి నాకెలా తెలుస్తుంది?

నవంబర్‌లో అతనికి మళ్ళీ ఒసాకా పని పడింది. ఈసారి అందరం వెళ్దామన్నాడు. నేను వెంటనే సరేనన్నాను. నాకూ ఒక కారణం ఉంది.

నాకు మూడో నెల. ఆ సంగతి నాకూ, టాంపినీస్ క్లినిక్కులో చైనీస్ డాక్టరమ్మకీ తప్ప ఎవరికీ తెలియదు. అభిజిత్‌కి చెప్పలేదు. మా అలేఖ్యకి నాలుగేళ్ళు నిండాయి. దానికో తోడు కావాలని నేను రెండేళ్ళుగా అడుగుతున్నాను, ఒక్కతి చాలని అతను రెండేళ్ళుగా అంటున్నాడు. ఎందుకు చాలు అంటే చెప్పడు. లేచి టీవీ పెట్టేవాడు. పిసినారితనం అనుకున్నాను, నా మీద ఇష్టం తగ్గిందనుకున్నాను, ఆఖరికి ఒసాకాలో ఎవరైనా ఉన్నారేమోనని కూడా అనుకున్నాను. ఇప్పుడు అనుకోకుండా కడుపు నిలిచింది. ఇంట్లో చెబితే తీయించుకోమంటాడేమోనని భయం. అంత పెద్ద దేవుడి ముందు, వాళ్ళమ్మ పక్కనుండగా చెబితే ఆ మాట అనలేడు. అదీ నా లెక్క.

అభిజిత్ గురించి ఇంకో రెండు మాటలు చెప్పాలి. తెలుగు సమాజం వాళ్ళకి అతనంటే గిట్టేది కాదు. ఎదురుగా వచ్చి పలకరిస్తే బాగానే మాట్లాడతాడు, పక్కన నిలబడి చెయ్యి ఊపితే మాత్రం పట్టించుకోడు. డబ్బొచ్చి కళ్ళు నెత్తికెక్కాయని జనార్ధనరావు అంకుల్ నా ముఖం మీదే అన్నారు. సినిమాకి రాడు. చీకటి పడితే గడప దాటడు. తప్పనిసరై హాకర్ సెంటర్‌కి తినడానికి వచ్చినా నా భుజం మీద చెయ్యేసుకుని నడిచేవాడు. అది చూసి సమాజం ఆడవాళ్ళు కుళ్ళుకునేవారు. పెళ్ళై ఆరేళ్ళయినా ఎంత ప్రేమో అని రాజకుమారి ఆంటీ బుగ్గలు నొక్కుకునేది. నేనూ అలాగే అనుకుని మురిసిపోయాను, వెర్రిబాగులదాన్ని.

నారాలో రైలు దిగి నడుస్తుంటే దారి పొడుగునా జింకలే. బిస్కెట్లు చూపిస్తే తలలు వంచి దణ్ణాలు పెడతాయి. అలేఖ్య కేరింతలు కొట్టింది. మా అత్తగారు జింకల వంక చూడలేదు. చేతిసంచీ గుండెలకి హత్తుకుని, చలికి పట్టుచీర మీద నా పాత కోటు వేసుకుని, అందరికంటే ముందు నడిచారు. గుడి ముందుకి రాగానే చెప్పులు విప్పేశారు.

"ఇక్కడ విప్పక్కర్లేదమ్మా, జోళ్ళతోనే వెళ్ళొచ్చు," అన్నాడు అభిజిత్.

"నువ్వు ఊరుకోరా. మనం వచ్చిన పనేంటి, జోళ్ళతో వెళ్ళడవేంటి!" అని ఆ చలిలో రాతి మీద ఒట్టి కాళ్ళతో నడిచారు. వచ్చిన పని అన్నారు. నేను విన్నాను. చాదస్తం అనుకుని ఊరుకున్నాను.

లోపల ఆ విగ్రహాన్ని చూశాక ఒక్క నిమిషం నా లెక్కలన్నీ మరిచిపోయాను. పెద్దదని చెబితే సరిపోదు. కుడిచెయ్యి ఎత్తి భయపడకు అంటున్నట్టు కూర్చున్నాడు. ఆ అరచేతిలో మా టాంపినీస్ వంటిల్లు పట్టేలా ఉంది. చెక్క హాలు, పైన ఎక్కడో కిటికీలు, లోపలంతా మసక. ఆ మసకలో ముఖం మాత్రం చల్లగా కిందికి చూస్తోంది. ఈయన ముందు చెప్పిన మాటకి ఎవరూ కాదనలేరని నాకు ధైర్యం వచ్చింది.

అభిజిత్ వెనక్కి, ఇంకా వెనక్కి వెళ్ళి గుమ్మం దగ్గర నిలబడ్డాడు. అక్కణ్ణుంచి తల కొంచెం కొంచెంగా తిప్పుతూ చూశాడు. ముందు చెయ్యి, తర్వాత భుజం, తర్వాత మెడ, తర్వాత ముఖం. మళ్ళీ చెయ్యి దగ్గరికి వచ్చాడు. పోగొట్టుకున్న వస్తువుని వెతుక్కుంటున్నట్టు చూశాడు. నేను దగ్గరికి వెళ్ళాను.

"మీతో ఒక మాట చెప్పాలండీ."

"రూముకెళ్ళాక చెబ్దువుగాని. ఇక్కడ తొందరగా పొద్దుపోతుంది, చీకటి పడేలోపు స్టేషన్‌కి వెళ్ళిపోవాలి."

"ఇక్కడే చెప్పాలి."

"ప్లీజ్, శ్రీ. ఒక్క అయిదు నిమిషాలు చూసుకోనీ," అన్నాడు. నాకు ఒళ్ళు మండింది. కంచు బొమ్మ మీద ఉన్న శ్రద్ధ పెళ్ళాం మీద లేదు కదా అనుకుంటూ అత్తగారి దగ్గరికి వచ్చేశాను.

విగ్రహం వెనకవైపు ఒక లావుపాటి స్తంభం ఉంది. దాని అడుగున చిన్న కంత. బుద్ధుడి ముక్కుపుటం అంత ఉంటుందట, అందులోంచి దూరి బయటికొస్తే పుణ్యమట. జపాను పిల్లలు వరసలో నిలబడి ఒక్కొక్కరే ఇటు దూరి అటు తేలుతున్నారు, తల్లులు ఫొటోలు తీస్తున్నారు. అలేఖ్యని కూడా నిలబెట్టాను. దాని వంతు వచ్చింది. అది కదలదు. చేతులు ముందుకి చాపి స్తంభాన్ని తడుముతోంది, కంత ఉన్నది ఒకచోటైతే ఇది ఇంకోచోట.

"వెళ్ళవే, వెనకాల పిల్లలున్నారు."

"వేర్ ఈజ్ ద హోల్, అమ్మా? కెనాట్ సీ లా," అంది తన సింగపూరు ఇంగ్లీషులో.

"కళ్ళ ముందున్నది కనబడకపోవడమేంటే! ఆ చూపులేంటి, ఎక్కడ చూస్తున్నావు? ఇంట్లోనూ ఇంతే, సాయంత్రమైతే చాలు, బల్లలు గుద్దుకుంటూ తిరుగుతావు. మొద్దు మొహమా!" అన్నాను. అభిజిత్ మీది కోపం దాని మీద చూపించాను.

మా అత్తగారు ఒక్క ఉదుటున వచ్చి పిల్లని ఎత్తుకున్నారు. "పసిదాన్ని అన్ని మాటలంటావేంటే, నీ నోరు పడిపోనూ!" అన్నారు. ఎప్పుడూ నన్ను పల్లెత్తు మాట అనని మనిషి. కళ్ళనిండా నీళ్ళు. మనవరాలి మీద ముద్దు ఎక్కువైందనుకున్నాను. అప్పుడే అక్కడికి వచ్చిన అభిజిత్ వైపు చూస్తే ముఖం తిప్పుకున్నాడు.

బయటికి వచ్చాక గుమ్మం పక్కన ఇంకో బొమ్మ. చెక్కతో చేసిన ముసలాయన. తలకి ఎర్రటి టోపీ, ఒంటి మీద ఎర్రటి గుడ్డ. అందరూ వెళ్ళి ఆయన మోకాలో నడుమో నిమిరి, మళ్ళీ తమది నిమురుకుంటున్నారు.

"ఈయన బింజురు అని బుద్ధుడి శిష్యుడమ్మా. మనకెక్కడ బాధో ఈయనకి అక్కడ తాకి, మనకి తాకించుకుంటే తగ్గుతుందని వీళ్ళ నమ్మకం," అని అభిజిత్ చెప్పాడు.

అత్తగారు ఆ ఎర్రగుడ్డ వంక చూసి చేతులు జోడించారు. "శిష్యుడేంట్రా, అచ్చం మన అమ్మోరిలా ఉంటేను. లోపలాయన అందనంత ఎత్తులో కూర్చున్నాడు, ఈ తల్లైతే అందుతుంది," అన్నారు. తర్వాత నావైపు తిరిగి, "పిల్ల జింకలంటోంది, తీసుకెళ్ళవే. నేను దణ్ణం పెట్టుకుని వస్తాను," అన్నారు. నేను వెళ్ళాను.

వాళ్ళిద్దరూ వచ్చాక గేటు దాటి కొంచెం దూరం నడిచామో లేదో, వెనక నుంచి ఎవరో పిలుస్తూ పరుగెత్తుకొస్తున్నారు. గుడిలో పనిచేసే ముసలాయన. రొప్పుతూ వచ్చి, అందరికంటే వెనకున్న నా ముందు నడుము వంచి దణ్ణం పెట్టి, తెల్లకాగితంలో పొట్లం కట్టినది రెండు చేతులతో అందించాడు. మీరు మరిచిపోయారు అన్నట్టు సైగ చేసి, మళ్ళీ వంగి, వెళ్ళిపోయాడు. ఆ దేశంలో పోయిన వస్తువు ఎక్కడికీ పోదంటారు కదా, నిజమే.

పొట్లం విప్పాను. వెండి కళ్ళు. మా వైపు ఎవరికైనా కంటిజబ్బు చేస్తే అమ్మవారికి మొక్కుకుని, కంసాలి చేత రేకు మీద కొట్టించి సమర్పించుకుంటారు, అవి. పెద్దవి ఒక జత, చిన్నవి ఒక జత. నాలుగూ నా అరచేతిలోంచి నన్నే చూస్తున్నాయి.

"అయ్యో, తిరిగిచ్చేశాడా!" అత్తగారు నడిరోడ్డు మీద చతికిలబడ్డారు. "మొక్కు తిరిగొచ్చేసిందిరా అభీ! ఇంత దూరం తెచ్చి ఒళ్ళో పెడితే తల్లి వద్దందిరా!"

"ఇవి ఎవరివి అత్తయ్యా?"

ఆవిడ ఏడుస్తున్నారు. అభిజిత్ వైపు తిరిగాను. అతను మెల్లగా తడుముకుంటూ రాతిగట్టు మీద కూర్చున్నాడు.

"పెద్దవి నావి," అన్నాడు.

"చిన్నవి?"

కాస్త అవతల అలేఖ్య ఒక జింకకి బిస్కెట్ చాపి నిలబడింది. పక్క నుంచి ఇంకో జింక వచ్చి లాక్కుంది. ముట్టె చేతికి తగిలేదాకా అది తనకి కనబడనే లేదు. ఉలిక్కిపడి ఏడుపు ముఖం పెట్టింది.

అప్పుడు చెప్పాడు. కంటి వెనక పొర అంచుల నుంచి మాసిపోతూ వస్తుందట. ముందు చీకట్లో కనబడదు, తర్వాత పక్కలు కనబడవు, ఆఖరికి ఎదురుగా రూపాయి బిళ్ళంత మిగులుతుంది, అదీ ఎన్నాళ్ళో తెలియదు. అది వంశంలో వస్తుంది. మా మామగారు అనంతరామయ్యగారు చివరి పదేళ్ళూ మంచంలో ఉంటే షుగర్ వల్ల చూపు పోయిందని నాకు చెప్పారు. షుగరూ లేదు, పాడూ లేదు. అభిజిత్‌కి ఇంజినీరింగ్ చదివేటప్పుడే తెలుసు.

"పెళ్ళికి ముందే చెప్పేద్దామన్నాను. అమ్మ వద్దంది."

"చెబితే పిల్లనెవరిస్తారే? నా స్థానంలో నువ్వుంటే చెబుతావా?" అన్నారు అత్తగారు కింద నుంచే.

"నీ కూతురి సంగతి? అదెప్పుడు తెలిసింది?"

ఆరేళ్ళ కాపురంలో అతన్ని నువ్వు అనడం అదే మొదలు. ఎవరూ ఆ మాట పట్టించుకోలేదు.

"మొన్న ఎండాకాలంలో. నీ ప్రాజెక్ట్ బిజీలో ఉండి నువ్వు రాలేదు కదా, అప్పుడు కాకినాడలో డాక్టర్‌కి చూపించాం. నీకు ఎలా చెప్పాలో తెలియలేదు శ్రీ."

నా కూతుర్ని. నాకు చెప్పకుండా. నేను సింగపూరులో ఆఫీసులో కూర్చుని రోజూ సాయంత్రం ఫోన్ చేసి మామిడిపళ్ళు తిన్నావా అని అడుగుతున్నప్పుడు, వీళ్ళిద్దరూ దాని కళ్ళల్లో మందు పోయించి, డాక్టర్ మాట విని, ఇంటికొచ్చి, నాకు మామిడిపళ్ళ సంగతి చెప్పారు. దాన్ని నేను మొద్దు అన్నాను. బల్లలు గుద్దుకుంటే మోకాలికి మందు రాసి, వీపు మీద ఒకటి వేశాను. వీళ్ళు చూస్తూ ఊరుకున్నారు. ఈ అసహ్యం నాకు ఈ జన్మలో పోదు.

అప్పటికి వెలుతురు తగ్గిపోయింది. స్టేషన్‌కి నడవాలి. అభిజిత్ లేచి, అలవాటు చొప్పున నా భుజం మీద చెయ్యి వేశాడు. ప్రేమ అనుకుని మురిసిపోయిన చెయ్యి. గుడ్డివాడికి కర్ర ఎలాగో అతనికి నా భుజం అలాగ. విదిలించి పారేద్దామనుకున్నాను. రెండోవైపు అలేఖ్య వచ్చి నా వేళ్ళు గట్టిగా పట్టుకుంది. ఇద్దర్నీ నడిపించుకుంటూ వెళ్ళాను. లోపల మూడోది. దాని సంగతి చెప్పలేదు.

సింగపూరు వచ్చాక అలేఖ్యని నేనే కంటి డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళాను. అభిజిత్ వెంట వచ్చాడు. డాక్టర్ చాలాసేపు చూసి, కాకినాడ ఆయన చెప్పిందే మరింత మర్యాదగా చెప్పాడు. పుట్టే ప్రతి బిడ్డకీ వచ్చే అవకాశం సగానికి సగం అన్నాడు. ఇంకో బిడ్డ ఆలోచన ఉందా అని అడిగాడు.

"నో నో," అన్నాడు అభిజిత్ కంగారుగా. "ఒక్కతే. అందుకే ఒక్కతి చాలనుకున్నాం."

అనుకున్నాం అట. రెండేళ్ళు నేను ఏడిస్తే టీవీ పెట్టుకున్న మనిషి, ఇప్పుడు డాక్టర్ ముందు నన్ను కూడా కలుపుకున్నాడు. కారణం చెప్పి ఉంటే నేనే ఒక్కతి చాలనేదాన్ని కదా, లేదా ధైర్యం చేసి కావాలనేదాన్ని. ఏదైనా నేను అనుకుని చేసేదాన్ని. నాకు ఆ వీల్లేకుండా చేశారు. ఇప్పుడు డాక్టర్ చెప్పిన ఆ సగం నా కడుపులో కూర్చుంది, అది ఏ సగమో ఎవరూ చెప్పలేరు.

అత్తగారు తిరుగు ప్రయాణానికి సిద్ధమయ్యారు. సూట్‌కేసు హాలు మధ్యలో ఉంది. అభిజిత్ సోఫాలో కూర్చుని టీవీ చూస్తున్నాడు. తెర నిండా ఏమున్నా అతనికి కనబడేది మధ్యలో ముక్కేనని నాకు ఇప్పుడు తెలుసు. అలేఖ్య దీపాలన్నీ వేసిన గదిలో బొమ్మలు పేర్చుకుంటోంది. ఆ వెండి కళ్ళ పొట్లం దేవుడి గూట్లో నేను పెట్టినచోటే ఉంది.

"అమ్మాయ్, శ్రీలేఖా," అన్నారు అత్తగారు భయం భయంగా. నారా నుంచి వచ్చాక ఆవిడ నాతో అలాగే మాట్లాడుతున్నారు. "ఆ పొట్లం ఇలా ఇవ్వమ్మా. మొక్కు ఇంట్లో ఉంచుకోకూడదు. ఇక్కడ మారియమ్మ కోవెలుందిటగా, పోతూ పోతూ హుండీలో వేసి వెళ్తాను. మనమ్మోరు కదా, వెనక్కివ్వదు."

పొట్లం తీశాను. ఆవిడ చెయ్యి చాపారు. ఇవ్వలేదు.

"తొందరపడకండి అత్తయ్యా. కాకినాడ వెళ్ళి ఇంకో జత చేయించండి. ఇంకా చిన్నవి. అన్నీ కలిపి ఒకేసారి వేద్దురుగాని."

ఆవిడ చాపిన చెయ్యి అలాగే ఉండిపోయింది. సోఫాలో అభిజిత్ తల తిప్పాడు. నేనెక్కడున్నానో వెతుక్కోవడానికి అతనికి కొంచెంసేపు పట్టింది. ముందు నా ముఖం దొరికింది. తర్వాత భుజం. తర్వాత మెల్లగా కిందికి, పొట్ట మీద పెట్టుకున్న నా చెయ్యి దాకా వచ్చాడు.

నేను కదలకుండా నిలబడ్డాను, పూర్తిగా చూసుకోనీ అని.